మూగబోయిన హార్మోనియం, కదలని మిక్సీ: పాత వస్తువుల రిపేర్ ఎక్కడ మొదలుపెట్టాలి? మెదక్ నుంచి ఒక బిగినర్స్ గైడ్

ఫోన్‌లో తప్పు సెట్టింగ్ పెడితే ఏం చేస్తాం? వెనక్కి వెళ్లి మార్చుకుంటాం. మరీ ముదిరితే ఫ్యాక్టరీ రీసెట్ కొడతాం. కానీ హార్మోనియంలో ఉండే ఇత్తడి రీడ్‌ని ఆకురాయితో ఒక్కసారి ఎక్కువ గీకామంటే దానికి రీసెట్ లేదు. పోయిన ఇత్తడి తిరిగి రాదు.

ఈ సంగతి నేను డబ్బులు పెట్టి నేర్చుకున్నా. మెదక్‌లో పాత సామాన్ల దుకాణంలో 900 రూపాయలకి ఒక పాడైన హార్మోనియం కొన్నా. రెండు వీడియోలు చూసి, అదే రోజు రాత్రి ఒక స్వరం సరిచేద్దామని కూర్చున్నా. పది నిమిషాల్లో రీడ్ విరిగింది. అది నా సొంత పెట్టె కాబట్టి సరిపోయింది. వేరేవాళ్లదైతే?

ఫ్రెండ్స్, ఈ ఆర్టికల్‌లో నేను చెప్పే ముఖ్యమైన విషయం ఒక్కటే. దాన్ని "అన్‌డూ రూల్" అని పిలుచుకుందాం: వెనక్కి తీసుకోగలిగే పని ముందు, తీసుకోలేని పని చివర. తుడవడం, నూనె వేయడం, స్క్రూ విప్పడం, కొలవడం ఇవన్నీ వెనక్కి తీసుకోగలిగేవి. గీకడం, కోయడం, గట్టి జిగురు పెట్టడం, తప్పుడు అడాప్టర్ గుచ్చడం ఇవి తీసుకోలేనివి. మిక్సీ అయినా, క్యాసియో కీబోర్డ్ అయినా, హార్మోనియం అయినా ఇదే రూల్. మూడింటి మీదా దాన్ని ఎలా వాడాలో చూద్దాం.

ముందు ఏ వస్తువు తీసుకోవాలి?

మొదటి వస్తువుకి మూడు షరతులు పెట్టుకోండి.

1. పోయినా బాధపడనిది అయ్యుండాలి. తాతగారి రేడియోతో మొదలుపెట్టొద్దు.
2. వీలైతే బ్యాటరీతో నడిచేది, లేదా కరెంటే లేనిది. చిన్న ట్రాన్సిస్టర్ రేడియో, కీబోర్డ్, హార్మోనియం, చేత్తో తిప్పే కుట్టు మిషన్ మంచి ఆప్షన్స్.
3. అన్ని పార్టులూ లోపలే ఉండాలి. పాడైనదాన్ని బాగు చేయొచ్చు, లేనిదాన్ని వెతకడం కష్టం. ఊపి చూడండి, బరువు చూడండి, స్క్రూలు ఉన్నాయో లేదో చూడండి. స్క్రూల తలలు అరిగిపోయి ఉంటే మీకంటే ముందే ఎవరో ప్రయత్నించారని అర్థం. ధర తగ్గించి అడగండి.

మాలాంటి చిన్న టౌన్‌లో పాత ఇనుప సామాన్ల దుకాణాలే మన షోరూమ్. అక్కడ దొరకని పార్టుల కోసం దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్ ఉంది. ఎలక్ట్రానిక్ విడిభాగాలకి కోఠిలోని గుజరాతీ గల్లీ, సెకండ్ హ్యాండ్ వస్తువులకి ఎర్రగడ్డ ఆదివారం సంత. ఒక్క బెల్టు కోసం బస్సెక్కకండి. నాలుగు వస్తువుల లిస్ట్ రాసుకుని, పాత పార్ట్‌ని జేబులో వేసుకుని వెళ్లండి. "ఇలాంటిదే కావాలి అన్నా" అని చేతిలో పెడితే సగం పని అయిపోతుంది.

పార్టుల కోసం పాత ఫోన్ కొనేవాళ్లకి ఒక మాట. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌ని సంచార్ సాథీ పోర్టల్‌లో చెక్ చేశాకే డబ్బులు ఇవ్వండి. బ్లాక్ అయిందని చూపిస్తే దాని జోలికి వెళ్లొద్దు.

టూల్స్: ఎక్కువ అక్కర్లేదు

- ఒక చవక డిజిటల్ మల్టీమీటర్
- స్క్రూడ్రైవర్ సెట్ (ప్లస్, మైనస్ రెండూ)
- మెత్తటి పెయింట్ బ్రష్, పాత టూత్‌బ్రష్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కాటన్ బడ్స్
- కుట్టు మిషన్ నూనె చిన్న సీసా
- 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (మొదటి నెల దీని అవసరం రాదు)
- మీ ఫోన్

ఇవన్నీ కలిపి నాకు 1,500 రూపాయల లోపే అయ్యాయి. లిస్ట్‌లో అన్నిటికంటే ఎక్కువగా వాడేది ఫోనే. ప్రతి స్క్రూ తీసే ముందు ఒక ఫోటో తీయండి. తెల్ల కాగితం మీద వస్తువు బొమ్మ గీసి, స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. వారం తర్వాత బిగించేటప్పుడు మీకు మీరే థ్యాంక్స్ చెప్పుకుంటారు.

మూత తీయక ముందు పదిహేను నిమిషాలు

చాలామంది బిగినర్స్ ఇంటికి తెచ్చిన వెంటనే చేసే పని ప్లగ్ పెట్టి చూడటం. అది చేయొద్దు. ముందు కళ్లు, ముక్కు, చెవులు, చేతులు వాడండి. కాలిన వాసన ఉందా? వైరు తోలు ఊడిందా? ఊపితే లోపల ఏదైనా గలగలమంటోందా? తిరగాల్సింది చేత్తో తిరుగుతోందా? కనిపించినవన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

పాఠం 1: మిక్సీ, ఫ్యాన్

"మిక్సీ చచ్చిపోయింది" అని తుక్కు కింద ఇచ్చేవాటిలో కొన్ని చావనే లేదు. చాలా మిక్సీల అడుగున ఒక చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. లోడ్ ఎక్కువై మోటార్ వేడెక్కినప్పుడు మోటార్ కాలిపోకుండా అది కరెంటుని కట్ చేస్తుంది. ప్లగ్ తీసి, కాసేపు చల్లారనిచ్చి, ఆ బటన్‌ని లోపలికి నొక్కితే చాలు. ఇంతకంటే చవకైన రిపేర్ ఉండదు.

బటన్ నొక్కినా పనిచేయకపోతే వరసగా ఇలా వెళ్లండి:

1. ప్లగ్ తీసి ఉంచి, పైన ఉండే కప్లర్‌ని చేత్తో తిప్పండి. బిగుసుకుపోతే బేరింగ్ లేదా బుష్ సమస్య.
2. మోటార్ సౌండ్ వస్తూ బ్లేడ్ తిరగకపోతే కప్లర్ పళ్లు అరిగాయి.
3. అస్సలు సౌండ్ లేకపోతే కరెంటు వైరు, స్విచ్, ఆ తర్వాత కార్బన్ బ్రష్‌లు చూడండి. ఈ బ్రష్‌లు అరిగి పొట్టిగా అయ్యేలాగే తయారవుతాయి. అరిగిన జత తీసి కొత్త జత వేయాలంతే.

ఫ్యాన్ "గుయ్" మంటూ తిరగకపోతే ప్లగ్ తీసి రెక్కని వేలితో తోయండి. బిగుతుగా ఉంటే బుష్‌లో నూనె ఎండిపోయింది. హాయిగా తిరుగుతుంటే కెపాసిటర్‌ని అనుమానించాలి. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎక్కువగా కనిపిస్తుంది. పాతదాని మీద రాసిన విలువే కొత్తదాని మీదా ఉండాలి. "పెద్దది వేస్తే స్పీడ్ పెరుగుతుంది" అనే సలహా వినొద్దు, వైండింగ్ వేడెక్కుతుంది.

కరెంటు వస్తువుకి రిపేర్ తర్వాత మొదటి టెస్ట్ నేరుగా చేయకండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర సిరీస్ బోర్డ్ ఉంటుంది. అందులో 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు వస్తువుతో వరసలో ఉంటుంది. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్‌గా వెలుగుతుంది, మీ ఫ్యూజు, మీ మోటార్ సేఫ్. ఈ బోర్డ్‌ని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించుకోండి. టెస్ట్ చేసేటప్పుడు ఇంట్లో ఇంకొకరు పక్కన ఉండాలి.

పాఠం 2: క్యాసియో కీబోర్డ్

1924 డిసెంబర్ 25న ప్రారంభమైన పెద్ద చర్చి ఉన్న ఊరు మాది. చుట్టుపక్కల పల్లెల్లో కూడా పాటల బృందాలు ఉంటాయి. పిల్లల కీబోర్డ్‌లు, పాత క్యాసియోలు అటక మీద చేరి, తర్వాత తుక్కులోకి వస్తుంటాయి.

ఇక్కడ అన్‌డూ లేని తప్పు అడాప్టర్. పాత క్యాసియో మోడల్స్‌కి వచ్చిన ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులు, పిన్ మధ్యలో నెగెటివ్. తర్వాత వచ్చిన ఏడీ-ఈ95100 అడాప్టర్ 9.5 వోల్టులు, మధ్యలో పాజిటివ్. ప్లగ్ సరిపోయినట్టే కనిపించినా పోలారిటీ తిరగబడితే బోర్డ్ కాలిపోవచ్చు. కీబోర్డ్ వెనక, అడాప్టర్ మీద ప్లస్, మైనస్ గుర్తులతో చిన్న బొమ్మ ఉంటుంది, రెండూ కలవాలి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర ప్రోబ్ పిన్ లోపల, నల్లది బయట పెట్టండి. అంకె ముందు మైనస్ వస్తే మధ్యలో నెగెటివ్ అన్నమాట.

ఇంకా సేఫ్ దారి ఉంది. చాలా చిన్న కీబోర్డ్‌లు 6 పెన్సిల్ బ్యాటరీలతో కూడా నడుస్తాయి. మొదటి టెస్ట్ బ్యాటరీలతోనే చేయండి. బ్యాటరీ డబ్బాలో పచ్చగా, తెల్లగా పొడి పట్టి ఉంటే గ్లోవ్స్ వేసుకుని శుభ్రం చేయండి. ఆల్కలైన్ బ్యాటరీ కారిందైతే కాటన్ బడ్‌కి కొంచెం నిమ్మరసం అద్ది తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

ఆన్ అయ్యి, కొన్ని కీలు మోగకపోతే వెంటనే విప్పకండి. ఏ కీలు మోగట్లేదో కాగితం మీద రాయండి. ఎందుకంటే కీబోర్డ్ లోపల ప్రతి కీకి విడివిడి వైరు ఉండదు. అడ్డం, నిలువు లైన్ల గడిలా, అంటే మ్యాట్రిక్స్‌గా ఉంటుంది.

- మోగని కీలు ఎక్కడపడితే అక్కడ, లేదా ఒకే చోట గుంపుగా ఉంటే: దుమ్ము, లేదా ఏదో ఒలికింది. తుడిస్తే పోతుంది.
- మోగని కీలు లెక్క ప్రకారం వస్తుంటే, ఉదాహరణకి ప్రతి ఎనిమిదో కీ: ఒక లైనే తెగింది. రిబ్బన్ కేబుల్, దాని సోల్డరింగ్, డయోడ్ చూడాలి.

దుమ్మే అయితే కీల కింద ఉండే రబ్బర్ పట్టీలు తీయండి. బోర్డ్ మీద నల్లగా కనిపించే కార్బన్ గీతల్ని ఆల్కహాల్ అద్దిన బడ్‌తో చాలా మెల్లగా తుడవండి. రబ్బర్ బొడిపెల కింద ఉన్న నల్ల చుక్కల్ని రుద్దకండి, కార్బన్ ఊడితే మళ్లీ రాదు. పూర్తిగా ఆరాకే బిగించండి.

పాఠం 3: హార్మోనియం

ఇప్పుడు అసలు పాఠం. హార్మోనియం యూరప్ నుంచి వచ్చిన వాయిద్యం. అక్కడ కుర్చీలో కూర్చుని కాళ్లతో గాలి తొక్కేవాళ్లు. కింద కూర్చుని ఒక చేత్తో గాలి కొడుతూ ఇంకో చేత్తో వాయించే మన రకాన్ని 19వ శతాబ్దం చివర్లో కోల్‌కతాలో ద్వారకానాథ్ ఘోష్ తయారు చేశారు. పద్యనాటకం, భజన, హరికథ అన్నిట్లోకి అది చేరిపోయింది. 1940లో ఆకాశవాణి హార్మోనియంని నిషేధించింది, 1971లో గానీ మళ్లీ రానివ్వలేదు. రేడియోలో లేకపోయినా ఊళ్లలో మాత్రం అది ఆగలేదు. అందుకే ఇప్పటికీ పాత పెట్టెలు దొరుకుతాయి.

లోపల ఏముంటుంది? వెనక తిత్తి గాలిని లోపలి గదిలోకి తోస్తుంది. కీ నొక్కితే దాని అవతలి చివర ఉన్న మెత్తటి మూత లేస్తుంది. గాలి ఇత్తడి రీడ్ పక్క నుంచి బయటకి దూసుకుపోతూ దాన్ని ఆడిస్తుంది. ఆ ఆటే స్వరం. మూడున్నర స్థాయిల డబుల్ రీడ్ పెట్టెలో 42 కీలు, 84 రీడ్లు ఉంటాయి.

నా 900 రూపాయల పెట్టెతో మూడు నెలలు కుస్తీ పట్టాక, శివరాత్రికి పది రోజుల ముందు మా వీధి చివర భజన బృందం పెద్దయ్య తన పెట్టె తెచ్చారు.

"ఇది మా నాయన కొన్నది బిడ్డా. శివరాత్రికి ఏడుపాయల్ల భజన ఉన్నది. నీతోని అయితదంటే పట్టు, కాదంటే ఇప్పుడే చెప్పు."

"చూసి చెప్త పెద్దయ్యా. నాకు రానిది ముట్టుకోను" అన్నా.

రెండు స్వరాలు పలకట్లేదు. ఒకటి కీ నొక్కకపోయినా ఆగకుండా మోగుతోంది. పైగా స్వరాలు శ్రుతిలో లేవని నా ఫోన్‌లోని ట్యూనర్ యాప్ చూపించింది. నేను వెళ్లిన ఆర్డర్ ఇది:

స్టెప్ 1, గాలి టెస్ట్: స్టాప్‌లన్నీ మూసి, తిత్తిని నిండా కొట్టి వదిలేయాలి. లోపలి తిత్తి ఎంతసేపట్లో దిగుతుందో ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడాలి. గబుక్కున దిగితే ఎక్కడో లీక్. చెంప దగ్గర పెట్టి చూస్తే గాలి ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. ఈ పెట్టెలో లీక్ లేదు.

స్టెప్ 2, ఆగకుండా మోగే స్వరం: కీ వెనక మూత సరిగా కూర్చోవడం లేదన్నమాట. దుమ్ము, వదులైన స్ప్రింగ్, పురుగు కొట్టిన తోలు, వానాకాలంలో ఉబ్బిన చెక్క, ఈ నాలుగింటిలో ఒకటి. ఇక్కడ తోలు ముక్కని పురుగు తినేసింది. అదే మందం తోలు కోసి అతికించా. పాత వడ్రంగులు వాడే వజ్రం జిగురు ఇలాంటి పనికి మంచిది. గోరువెచ్చని నీటితో మళ్లీ ఊడదీయొచ్చు. ఇన్‌స్టంట్ గ్లూ వాడితే తర్వాత రిపేర్ చేసేవాళ్లు తిట్టుకుంటారు.

స్టెప్ 3, పలకని స్వరాలు: రీడ్ నాలుకకి, దాని చట్రానికి మధ్య సందు వెంట్రుకంత. చిన్న దుమ్ము రేణువు చాలు, నోరు మూసుకుపోతుంది. రీడ్ బోర్డ్ తీసి, మెత్తటి బ్రష్‌తో దులిపి, పల్చటి కాగితం పట్టీని నాలుక కింద నుంచి మెల్లగా లాగా. వంచొద్దు, నొక్కొద్దు. రెండు స్వరాలూ పలికాయి.

స్టెప్ 4, శ్రుతి: ఇక్కడే చేతులు దురద పెడతాయి. రీడ్ కొస దగ్గర గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. తెలిశాక ఆకురాయి పట్టుకోవాలనే అనిపిస్తుంది. కానీ ముందు ఒక్కో స్టాప్ విడిగా తెరిచి, ప్రతి స్వరాన్నీ యాప్‌తో కొలిచి, 84 అంకెలు టేబుల్‌లో రాశా. చూస్తే దాదాపు అన్నీ 25 సెంట్ల దగ్గరే ఎక్కువగా ఉన్నాయి. పక్కపక్క కీల మధ్య దూరం 100 సెంట్లు, అంటే పెట్టె మొత్తం పావు మెట్టు పైన ఉంది. యాప్‌లో 440 హెర్ట్జ్ అని ఉండే రిఫరెన్స్‌ని 446కి మార్చా. ఎర్ర గీతలన్నీ పచ్చగా మారిపోయాయి!

పెట్టె శ్రుతి తప్పలేదు. నా కొలబద్ద వేరు, దాని కొలబద్ద వేరు. కొలవకుండా గీకి ఉంటే 84 రీడ్లూ నాశనం చేసి, దాన్ని "రిపేర్" అనుకునేవాణ్ని.

పెద్దయ్యని అడిగితే నవ్వారు. "మా గొంతులు దీనికే కుదిరినయి బిడ్డా. తబలా గూడ దీనికే కలుపుకుంటం. దాన్ని అట్లనే ఉంచు."

ఖర్చు వంద రూపాయలు కూడా కాలేదు. శివరాత్రికి రెండు రోజుల ముందే పెట్టె ఇచ్చేశా. దాంతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చా: ఏం మార్చాను, ఏ జిగురు వాడాను, ఏది ముట్టుకోలేదు. డాక్టర్ ప్రిస్క్రిప్షన్‌లాగా ఈ కాగితం ప్రతి రిపేర్‌కీ ఉండాలి. తర్వాత ఆ పెట్టె తెరిచేవాళ్లు గుడ్డిగా మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

వీటి జోలికి వెళ్లొద్దు

- మైక్రోవేవ్ ఓవెన్: లోపలి కెపాసిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రాణం తీసేంత చార్జ్ ఉండొచ్చు.
- పాత డబ్బా టీవీ: పిక్చర్ ట్యూబ్ దగ్గర వేల వోల్టులు.
- ఉబ్బిన లిథియం బ్యాటరీ: గుచ్చొద్దు, వంచొద్దు, చార్జ్ పెట్టొద్దు.
- ఎంతో పాతదైన, ఎవరికో విలువైన వాయిద్యం: నేర్పించే పెద్దవాళ్లు పక్కన లేకుండా తెరవొద్దు.

బాగు కానివి ఉంటాయి. వాటిలోంచి మంచి స్క్రూలు, స్ప్రింగులు, మోటార్లు తీసి డబ్బాలో పెట్టుకోండి. మిగతా ఎలక్ట్రానిక్ చెత్తని కాల్చకండి, అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికే ఇవ్వండి.

ఇంకా నేర్చుకోవాలంటే

2003లో మొదలైన ఐఫిక్సిట్‌లో వేలాది రిపేర్ గైడ్లు ఫ్రీగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాల కంపెనీల సర్వీస్ సమాచారం ఒకే చోట దొరుకుతుంది. కానీ మీ ఊళ్లోనే ఫ్యాన్ వైండింగ్ చేసే అన్న, కుట్టు మిషన్ బాగు చేసే కాకా ఉంటారు. ఒక ఆదివారం వాళ్ల దుకాణంలో స్టూల్ వేసుకుని కూర్చోండి. చాయ్ మీరు తెప్పించండి.

ఈ వారం చేయాల్సింది

మీ అటక మీద పడి ఉన్న ఒక్క వస్తువు దించండి. ప్లగ్ పెట్టకుండా, మూత తీయకుండా పదిహేను నిమిషాలు చూసి, కనిపించింది రాయండి. ఆ తర్వాత చేయబోయే ప్రతి పని పక్కన ఒక గుర్తు పెట్టండి: "వెనక్కి తీసుకోవచ్చు" లేదా "తీసుకోలేను". మొదటి రకం అన్నీ అయిపోయాకే రెండోదానికి వెళ్లండి. నా అనుభవంలో, చాలాసార్లు రెండో రకం దాకా వెళ్లే అవసరమే రాలేదు.

విరిగిన ఆ మొదటి రీడ్‌ని మాత్రం నా టూల్ బాక్స్ మూతకి టేప్ వేసి అంటించుకున్నా. ఆకురాయి తీసే ముందు అదే కనిపిస్తుంది.